రెండున్నర కిలోల తేడా

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



రెండున్నర కిలోలంటే మన ఇళ్లల్లో పెద్ద బరువేం కాదు. కొట్టులో రెండున్నర కిలోల పంచదార కట్టించుకుని, ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని ఇంటికొచ్చేస్తాం. కాని 2000 సంవత్సరం సెప్టెంబరు 19వ తేదీన, సిడ్నీ ఒలింపిక్సులో, సరిగ్గా ఆ రెండున్నర కిలోలే ఒక తెలుగింటి ఆడపడుచుకూ, పై రెండు మెట్లకూ మధ్య అడ్డుపడ్డాయి. ఆమె కరణం మల్లీశ్వరి. ఆ రోజు ఆమెకు కాంస్య పతకం వచ్చింది. భారతదేశపు స్త్రీ ఒలింపిక్సులో సంపాదించిన మొట్టమొదటి పతకం అదే. ఆ ఏడు దేశం మొత్తానికి వచ్చిన పతకం కూడా అదొక్కటే.

ఆమె పేరు వినని వాళ్లు మనలో ఉండరు. అయితే ఆమె ఎత్తిందెంత, ఎలా ఎత్తింది, అందుకు ఎన్నేళ్లు పట్టింది అని పిల్లలు అడిగితే మాత్రం మనం తడుముకుంటాం. ఆ సంగతులు ఇవాళ కాస్త వివరంగా చెప్పుకుందాం. ఆడపిల్లను పెంచే ప్రతి తల్లికీ ఇందులో పనికొచ్చే మాట ఉందని నా నమ్మకం.

మన బాపట్ల, తెనాలి మీదుగా చెన్నై నుంచి హౌరా పోయే పెద్ద లైను ఉంది కదా. రేపల్లె వాళ్లయితే తెనాలిలో దిగి బండి మారతారనుకోండి. ఆ లైను మీద విశాఖపట్నం, విజయనగరం దాటిపోతే శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషను వస్తుంది. స్టేషను పేరు అదైనా, ఊరి పేరు ఆమదాలవలస. దానికి దగ్గర్లో ఊసవానిపేట అనే పల్లె ఉంది. 1975 జూన్ 1న పుట్టిన మల్లీశ్వరి పెరిగింది అక్కడే. తండ్రి మనోహర్ గారు రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. తల్లి శ్యామల గారు. ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు. ఐదుగురు ఆడపిల్లలున్న కానిస్టేబు‌లింట్లో నెలాఖరు ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

బలానికి ఆ ప్రాంతం పాత పేరున్నదే. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారి కథలు మన తాతలు చెప్పగా విన్నాం. అయితే అదంతా మగవాళ్ల బలం. ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారని ఒక శిక్షకుడు బరువులెత్తడం నేర్పేవారు. మన పెద్దవాళ్లు తాలింఖానా అనేవారే, అలాంటిదన్నమాట. పన్నెండేళ్ల మల్లీశ్వరి వెళ్లి నేనూ నేర్చుకుంటానంటే, మరీ బక్కపలచగా ఉన్నావు, నీ వల్ల కాదు, ఇంటికెళ్లి అమ్మకు పనిలో సాయం చేసుకో అన్నారట. ఆమె గురించి రాసిన వాళ్లంతా ఈ సంగతి చెబుతారు. పిల్ల ముఖం వేలాడేసుకుని ఇంటికొస్తే, ఎందుకు చేయలేవు, చేయగలవు అని వెనక నిలబడింది తల్లి. ఆ తర్వాత అదే అప్పన్న గారు ఆమెకు తొలి గురువయ్యారు. అక్కచెల్లెళ్లు కూడా ఆ కడ్డీ పట్టినవాళ్లే.

ఒక్క మాట ఆలోచించండి. ఆ సాయంత్రం ఆ తల్లి, పోనీలే, మనకెందుకే ఆ మగ ఆటలు, ఆ పప్పు రుబ్బు అని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. మనలో పదిమందికి తొమ్మిదిమందిమి ఆ మాటే అని ఉండేవాళ్లం.

ఇప్పుడు ఆట సంగతికొద్దాం. వెయిట్ లిఫ్టింగులో ఎత్తడం రెండు రకాలు. మొదటిది స్నాచ్. నేల మీదున్న కడ్డీని మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒక్క ఊపున తల పైకి తీసుకుపోవాలి. రెండోది క్లీన్ అండ్ జర్క్. ఇందులో రెండు అంచెలున్నాయి. ముందు కడ్డీని భుజాల మీదికి తెచ్చుకోవాలి. అక్కడ నిలదొక్కుకుని, మళ్లీ ఒక్క విసురున తల మీదికి లేపాలి. ఒక్కోదానికి మూడేసి అవకాశాలిస్తారు. రెండింటిలోనూ ఎత్తగలిగిన పెద్ద బరువులను కూడి మొత్తం కడతారు. ఎత్తిన తర్వాత మోచేతులు వంగకుండా, పాదాలు తొణక్కుండా నిలబడాలి. ముగ్గురు న్యాయనిర్ణేతలు చూస్తూ ఉంటారు. వాళ్లలో ఇద్దరైనా తెల్లదీపం వెలిగిస్తేనే ఆ ఎత్తు లెక్కలోకి వస్తుంది. మనిషి ఒళ్లు బరువును బట్టి తరగతులు ఉంటాయి. యాభై కిలోల పిల్లను ఎనభై కిలోల మనిషితో పోటీ పెట్టరు.

సిడ్నీలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. అంకె చెబితే మనకు బోధపడదు గనక ఇలా చూడండి. మన వంటింట్లో నిండు గ్యాసు బండ, ఇనుముతో సహా ఇంచుమించు ముప్ఫై కిలోలు తూగుతుంది. దాన్ని గడప దాటించడానికే మనం బండబ్బాయి కోసం ఎదురుచూస్తాం. అలాంటి బండలు నాలుగు కట్టగట్టి, పైన పది కిలోల బియ్యం వేసి, తల మీదికి ఎత్తి పట్టుకుంటే 130 కిలోలు. అప్పటికి ఆమె బరువు 69 కిలోల లోపే. అంటే తన ఒంటి బరువుకు రెండింతలకు కొంచెం తక్కువ.

ఇదంతా చేతుల బలమనుకుంటాం. నిజానికి పని చేసేవి కాళ్లూ, తొడలూ, నడుమూ. చేతులు కడ్డీని పట్టుకునే కొక్కేల్లాంటివి. ఇంకో కిటుకుంది. అంత బరువును పూర్తిగా తల పైదాకా లాగడం ఎవరి వల్లా కాదు. తొడల బలంతో కడ్డీని కొంత ఎత్తు ఎగరేస్తారు. అది కిందికి వాలేలోపల, రెప్పపాటులో, మనిషే గబుక్కున కూర్చుని దాని కిందికి దూరిపోతుంది. ఆ తర్వాత కాళ్ల మీద లేచి నిలబడుతుంది. అందుకే బలంతోపాటు వేగం కావాలి, ఒడుపు కావాలి. ఆ ఒడుపు రావడానికి ఉత్త కడ్డీతో వేలసార్లు ఎత్తి దించాలి. ఆడవాళ్ల పోటీ కడ్డీ ఒక్కటే 15 కిలోలుంటుంది, మగవాళ్లది 20.

1990లో జాతీయ శిక్షణ శిబిరానికి సోదరి వెంట వెళ్లిన మల్లీశ్వరి, అక్కడ లియోనిడ్ తారానెంకో కంటపడింది. ఆయన 1980 మాస్కో ఒలింపిక్సులో బంగారు పతకం గెలిచిన పేరుమోసిన లిఫ్టరు. మన దేశం వాళ్లకు శిక్షణ ఇవ్వడానికి వచ్చారు. ఈ పిల్లలో సరుకుందని ఆయన పసిగట్టారు. మూడేళ్లు తిరిగేసరికి, 1993లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 54 కిలోల తరగతిలో కాంస్యం తెచ్చింది. 1994లో ఇస్తాంబుల్‌లో బంగారం. 1995లో, ఈ ఆటలో ఆడవాళ్లకు పుట్టిల్లులాంటి చైనాలో, గ్వాంగ్‌జౌ నగరంలో మళ్లీ బంగారం. 1996లో వార్సాలో కాంస్యం. 1994లో అర్జున, 1995-96 సంవత్సరానికి ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ వచ్చాయి.

ఇన్ని గెలిచిన మనిషి 1996 అట్లాంటా ఒలింపిక్సుకు ఎందుకు వెళ్లలేదని అడగొచ్చు. వెళ్లడానికి ఆడవాళ్లకు ఆ పోటీయే లేదు. మగవాళ్లు 1896 నాటి మొదటి ఒలింపిక్సులోనే బరువులెత్తారు. ఆడవాళ్లకు ప్రపంచ పోటీలు 1987లో గాని మొదలు కాలేదు. ఒలింపిక్సు వాకిలి తెరిచింది 2000లో, సిడ్నీలో. ప్రపంచంలో అందరికంటే మిన్నగా ఉన్న 1994, 1995 సంవత్సరాల్లో మల్లీశ్వరికి ఆ వేదిక లేదు. వేదిక దొరికేసరికి ఆమెకు పాతికేళ్లు నిండాయి.

ఈలోగా 1997లో పెళ్లయింది. భర్త రాజేష్ త్యాగి కూడా లిఫ్టరే. కాపురం హర్యానాలోని యమునానగర్‌లో. 1998లో బాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల తరగతిలో రజతం గెలిచింది. సిడ్నీకి మాత్రం 69 కిలోల తరగతిలో వెళ్లింది. పెళ్లయింది, ఒళ్లు చేసింది, ఇంక ఆమె పనైపోయిందని చెవులు కొరుక్కున్న వాళ్లకు తక్కువ లేదు. మన వీధిలో పెళ్లయిన అమ్మాయి సంగీతం పాఠానికి వెళ్తేనే, ఇంకా ఎందుకమ్మా అంటారు. ఆమెను అనరా?

ఇప్పుడు ఆ రెండున్నర కిలోల లెక్క చూద్దాం. చైనా అమ్మాయి లిన్ వైనింగ్ స్నాచ్‌లో 110, రెండోదాంట్లో 132.5 ఎత్తింది. మొత్తం 242.5. హంగేరీ నుంచి వచ్చిన ఎర్జెబెట్ మార్కుష్ 112.5, 130 ఎత్తింది. ఆమెదీ 242.5. ఇద్దరూ సమానమైతే అప్పటి నియమం ప్రకారం ఒళ్లు బరువు తక్కువున్న వాళ్లది పైచేయి. అలా లిన్‌కు బంగారం, మార్కుష్‌కు రజతం వెళ్లాయి. మల్లీశ్వరిది 240. ఆ రోజుల్లో బరువులు పెంచడం రెండున్నర కిలోల లెక్కనే. కిలో చొప్పున పెంచుకునే పద్ధతి 2005లో వచ్చింది. అంటే మల్లీశ్వరికీ ఆ ఇద్దరికీ మధ్య తేడా ఒక్కటంటే ఒక్క మెట్టు.

130 ఎత్తాక ఆమెకింకా ఒక అవకాశం మిగిలింది. ఆఖరిసారి కడ్డీకి 137.5 కిలోలు ఎక్కించారు. అది లేస్తే మొత్తం 247.5, ఒళ్లు బరువు లెక్కలతో పనిలేకుండా బంగారం చేతికొచ్చేది. లేవలేదు. 132.5 అడిగి ఉంటే ఏమయ్యేదని ఆటలు తెలిసినవాళ్లు ఆ తర్వాత చాలాసార్లు వాదించుకున్నారు. అప్పుడు ముగ్గురూ సమానమై మళ్లీ ఒళ్లు బరువు చూడవలసి వచ్చేది. బయట కూర్చుని ఎన్ని లెక్కలైనా కట్టొచ్చు. అక్కడ పిలుపు వచ్చాక ఎత్తడానికి ఇచ్చేది ఒక్క నిమిషం.

ఒక మెట్టు తక్కువైనప్పుడు మనిషి ఏం చేయాలి? దీనికి చైనాకే చెందిన మరో ఆడమనిషి జీవితం చెబుతాను. ఆమె పేరు గాంగ్ లిజావో. ఆమెది కూడా బలంతో కూడిన ఆటే, షాట్‌పుట్. మన హైస్కూలు మైదానాల్లో ఇనప గుండు విసరడం అంటామే, అది. ఆడవాళ్ల గుండు నాలుగు కిలోలు. ఏడడుగుల వెడల్పున్న వృత్తంలో నిలబడి, గుండును మెడకు ఆనించి, ఒక్క చేత్తో నెట్టాలి. గాంగ్ 1989లో పుట్టింది. 2008 బీజింగ్ ఒలింపిక్సులో అయిదో స్థానం వచ్చింది. 2012 లండన్‌లో నాలుగో స్థానం. ఆ తర్వాత ఏళ్లకు, ఆ రెండు పోటీల్లోనూ ఆమెకంటే ముందున్న వాళ్లలో ఇద్దరేసి నిషేధించిన మందులు వాడారని తేలింది. వాళ్ల పతకాలు తీసేశారు. గాంగ్‌కు బీజింగ్ కాంస్యం, లండన్ రజతం దక్కాయి. కాని పతకాల వేదిక ఎక్కి దండ వేయించుకునే ఆ రోజు మళ్లీ రాదు కదా. 2016 రియోలో మళ్లీ నాలుగో స్థానమే. ఆ మరుసటేడు 2017లోనూ, 2019లోనూ ప్రపంచ విజేత అయింది. చివరికి, కరోనా వల్ల ఏడాది ఆలస్యంగా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో, 32 ఏళ్ల వయసులో, 20.58 మీటర్లు విసిరి బంగారం గెలిచింది. అప్పటిదాకా ఆమె జీవితంలో విసిరిన అన్నిటికంటే అదే దూరం. నాలుగో ఒలింపిక్సులో తీరింది ఆ కోరిక.

అక్కడ చిన్న పిల్లల్ని ఏరి క్రీడా పాఠశాలల్లో పెట్టి ఏళ్లతరబడి తయారుచేస్తారు. అంత చిన్నప్పుడే పిల్లల్ని ఇంటి నుంచి దూరం చేయడం మన మనసుకు నచ్చకపోవచ్చు. అది వేరే చర్చ. మన వాళ్లలో చాలామంది వెనక ఉండేది ఒక తల్లి, ఒక ఊరి గురువు, ఒక రేకుల షెడ్డు. ఇంత తక్కువ పెట్టుబడితో వచ్చి ఒక్క మెట్టు దూరంలో నిలబడ్డ మల్లీశ్వరిని చూస్తే, ఆ పెట్టుబడి ఇంకాస్త ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది.

సిడ్నీ తర్వాత కథ కూడా చెప్పాలి. 2001లో ఆమెకు కొడుకు పుట్టాడు. తిరిగి సాధన మొదలుపెట్టింది. 2002లో తండ్రి పోవడంతో కామన్‌వెల్త్ క్రీడలకు వెళ్లలేదు. 2004 ఏథెన్సుకు వెళ్లింది గాని పోటీ పూర్తి చేయలేకపోయింది. ఆ తర్వాత ఆట విరమించి, యమునానగర్‌లో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమించారు. అదే ఏడు టోక్యోలో మణిపూర్ అమ్మాయి మీరాబాయి చాను 49 కిలోల తరగతిలో 202 కిలోలెత్తి రజతం తెచ్చింది. మల్లీశ్వరి ఆపిన చోటి నుంచి ఒక మెట్టు పైకి వెళ్లడానికి ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది.

ఇక మన ఇళ్లకొద్దాం. ఆడపిల్ల బరువులెత్తితే మగరాయుడిలా తయారవుతుందని, గర్భసంచి జారుతుందని, రేపు పిల్లలు పుట్టరని భయపెడతారు. సిడ్నీలో 130 కిలోలెత్తిన మరుసటి ఏడే మల్లీశ్వరి తల్లి అయిందని ఇందాకే చెప్పుకున్నాం. ఎదిగే పిల్లలు తెలిసిన గురువు దగ్గర, వయసుకు తగ్గట్టు, కొద్దికొద్దిగా బరువులు పెంచుకుంటూ సాధన చేస్తే మేలే గాని కీడు లేదని వైద్యులు అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలందరికీ, మగైనా ఆడైనా, వారానికి మూడు రోజులైనా ఎముకలూ కండరాలూ గట్టిపడే వ్యాయామం కావాలని 2020లో చెప్పింది. ఎముక గట్టిపడేది పడుచు వయసులోనే. ఆ వయసులో కూడబెట్టుకున్న గట్టిదనమే, ముట్లుడిగాక మన నడుమునీ మోకాళ్లనీ కాపాడే నిల్వ సొమ్ము.

ఆ మాటకొస్తే, ఆడపిల్ల నడుం గట్టిగా ఉండాలని మన అమ్మమ్మలకు తెలియదా? పెద్దమనిషైన పిల్లకు మినప సున్నుండలు ఎందుకు పెట్టేవారు? మన డెల్టాలో నాట్లేసిన ఆడవాళ్లు, రోకలి పట్టి దంచినవాళ్లు, చెరువు నుంచి నెత్తిమీద బిందె, చంకన బిందె మోసినవాళ్లు బలహీనులా? అప్పుడు ఆడదాని బలాన్ని ఎవరూ తూకం వేయలేదు, అంతే. సున్నుండలు పెట్టాం గాని, ఆ బలం మైదానంలో చూపించు అని పంపలేదు.

ఇప్పుడైతే సున్నుండలు కూడా తగ్గాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలలో నూటికి యాభై ఏడుగురికి రక్తహీనత ఉంది. వాళ్లలో మన ఇంట్లో పిల్లలూ ఉండొచ్చు, మనమూ ఉండొచ్చు. ఖరీదైన డబ్బా పొడులు అక్కర్లేదు. పెసరట్టు, పప్పు, తోటకూర, గోంగూర, తినేవాళ్లకు గుడ్డూ చేపా, వేరుశనగ ఉండలు, గ్లాసుడు పాలు. కొడుకు కంచంలో వేసిందే కూతురి కంచంలోనూ వేస్తే చాలు. కళ్లు తిరుగుతున్నాయి, ఆయాసమొస్తోంది అంటే మాత్రం రక్తపరీక్ష చేయించి డాక్టరు గారి సలహా తీసుకోండి.

లిఫ్టర్ల దగ్గర మనం నేర్చుకోవలసిన చిన్న సంగతి ఇంకోటుంది. బియ్యం మూటైనా, నీళ్ల బక్కెటైనా నడుం వంచి ఎత్తకండి. మోకాళ్లు వంచి కూర్చుని, వీపు నిటారుగా ఉంచి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, కాళ్ల మీద లేవండి. ఎత్తుతూ పక్కకు తిరగకండి. ఇప్పటికే నడుం నొప్పి ఉన్నవాళ్లు, ఆపరేషనైన వాళ్లు ఎత్తకపోవడమే మంచిది.

చివరిగా ఒక విన్నపం. తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా, అమ్మాయి తొమ్మిదో తరగతికి రాగానే ఆటల పీరియడు లెక్కల పీరియడుగా మారిపోతుంటే మనం ఊరుకుంటున్నాం. ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కులతోపాటు, మా అమ్మాయిని గ్రౌండులోకి వారానికి ఎన్నిసార్లు పంపుతున్నారండీ అని కూడా అడగండి. అందరూ ఒలింపిక్సుకు వెళ్లరు. వెళ్లక్కర్లేదు కూడా. గ్యాసు బండను తనే జరుపుకుని, అరవై ఏళ్లకు కర్ర లేకుండా నడిచే ఆడది ఇంటికొకరున్నా మనకు లాభమే. వాళ్లలో ఎవరో ఒక పిల్ల, నేనూ బరువులెత్తుతానమ్మా అని వస్తే, ఊసవానిపేట తల్లి చెప్పిన జవాబే మనమూ చెబుదాం.